పదాల జల్లెడా, అడ్మిన్ కళ్లా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలు చెప్పుకునే మా ఫేస్‌బుక్ గ్రూపులోకి లోన్ యాప్‌లు, బెట్టింగ్ లింకులు దూరడం మొదలయ్యాక వాటిని ఆపడానికి రెండు పద్ధతులూ వాడి చూశాం: ఫలానా పదాలున్న పోస్టులను ఫేస్‌బుకే ఆపేసేలా పెట్టుకోవడం ఒకటి, ప్రతి పోస్టునూ అడ్మిన్ చదివి వదలడం ఇంకొకటి.

ఖర్చు: రెండింటికీ పైసా అక్కర్లేదు.

శ్రమ: ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఉండే అడ్మిన్ అసిస్ట్ అనే సదుపాయంలో ఆపాల్సిన పదాలు ఒకసారి రాసిపెడితే చాలు, అర్ధరాత్రి కూడా పని చేస్తుంది. ప్రతి పోస్టూ చదివి వదలాలంటే మాత్రం, మార్చిలో యార్డు బస్తాలతో నిండినప్పుడు అడ్మిన్‌కు అన్నం తినే తీరిక ఉండదు.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. "లోన్" అనే మాటను ఆపితే పంట లోన్ గురించి అడిగిన రైతు పోస్టు ఆగిపోయింది. మోసగాడేమో "లో.న్" అని మధ్యలో చుక్క పెట్టి దర్జాగా వచ్చేశాడు. ఫొటో మీద రాసిన మాటలైతే పదాల జాబితాకు చిక్కనే చిక్కవు. (ఆ లింకు నొక్కి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు గ్రూపులో మొరపెట్టుకునే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.) మనిషి కంటికి ఈ వేషాలు ఇట్టే తెలుస్తాయి. కాకపోతే ఆలస్యం. పొద్దున పెట్టిన ధర సాయంత్రం కనబడితే ఎవరికి లాభం?

అందరూ తెలిసినవాళ్లే ఉన్న చిన్న గ్రూపుకు అడ్మిన్ చాలు. సభ్యులు వేలల్లో ఉంటే జల్లెడ తప్పదు. లింకులున్న పోస్టులూ కొత్తగా చేరినవాళ్ల పోస్టులూ మాత్రం మనిషే చూడాలి. మేమిప్పుడు అలాగే నడుపుతున్నాం.