‘హౌస్’ ఒక్కటీ పట్టుకుని చూసిన వ్యుత్పత్తి నిఘంటువు

మాటల పుట్టుకను చెప్పే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ ఎంతవరకు పనికొస్తుందో తెలియాలంటే అరుదైన మాటలకన్నా, చిన్న తరగతుల్లోనే నేర్చే ‘హౌస్’ వంటి మాటను వెతకడం మేలు. డగ్లస్ హార్పర్ అనే అమెరికన్ ఎన్నో పెద్ద నిఘంటువుల సారాన్ని ఒకచోట చేర్చి, ఎవరైనా ఉచితంగా చూసుకునేలా దీన్ని రూపొందించారు.

‘హౌస్’ పాత ఇంగ్లీషులో ‘హూస్’ అని, దాని సోదర రూపాలు జర్మన్, డచ్ వంటి ఇతర జర్మానిక్ భాషల్లోనూ ఉన్నాయని చెప్పి, అంతకుముందు ఎక్కడిదో తెలియదని, ‘దాచు’ అనే అర్థమున్న ‘హైడ్’ మూలంతో సంబంధం ఉండవచ్చేమోనని మాత్రం నిఘంటువు అంటుంది. రాతలో ఎక్కడా దొరక్క, పండితులు ఊహించి నిలబెట్టిన రూపాలకు ముందు నక్షత్రపు గుర్తు ఉంటుంది. దొరికినదేదో ఊహించినదేదో ఇంత స్పష్టంగా విడదీసి చూపడమే నా దృష్టిలో దీని మొదటి గుణం.

అసలు సంపద సమాసాల్లో ఉంది. ‘హస్బెండ్’లో మొదటి భాగం ఇల్లే, రెండోది ‘నివసించు’ అనే క్రియ నుంచి వచ్చిన పాత నార్స్ (స్కాండినేవియా వారి ప్రాచీన భాష) మాట ‘బోండీ’, అంటే సొంత ఇల్లూ భూమీ ఉన్న గృహస్థు. పెళ్లితో నిమిత్తం లేకుండా ఇంటి యజమానిని చెప్పిన ఈ మాట 13వ శతాబ్ది చివరికి భర్తకు వాడుకైంది. ఇంటి నిర్వహణను చెప్పిన ‘హస్బెండ్రీ’ క్రమంగా సేద్యం వైపు మళ్లింది కనుకనే మన పశుసంవర్ధక శాఖ ఇంగ్లీషు పేరులో ఆ మాట కనిపిస్తుంది. ‘హౌస్‌వైఫ్’ అరిగి ‘హస్సీ’ అయింది. గృహిణి అనే అర్థం పోయి, 17వ శతాబ్దానికి ఆడవారిని నిందించే మాటగా దిగజారింది. ఇంటి యజమానిని చెప్పిన మాటకు అలాంటి గతి పట్టలేదన్నది గమనించవలసిన విషయం. ఎన్నికల వేళ ఇంగ్లీషు పత్రికల్లో కనిపించే ‘హస్టింగ్స్’ (ఎన్నికల ప్రచారం) కూడా ఈ ఇంటి మాటే: నార్స్ భాషలో రాజు లేక ప్రభువు ఇంటి పరివారం కూడే సభకు అది పేరు.

ఇంగ్లీషు, సంస్కృతం వంటి భాషలకు మూలమనుకునే ఇండో-యూరోపియన్ భాషలోని ధాతువు తేలిన మాటల సంతానాన్ని ఈ నిఘంటువు ఒకే పుటలో చూపుతుంది. ఇల్లు అనే అర్థమున్న ‘డెమ్’ ధాతువు కింద డొమెస్టిక్ (ఇంటికి చెందిన), డెస్పాట్ (నిరంకుశుడు), టింబర్ (కలప) కలిసి కనబడతాయి (మన ‘దంపతి’లోని ‘దం’ కూడా భాషావేత్తల లెక్కలో అదే ధాతువు). ‘హౌస్’కు ధాతువు తేలలేదు కాబట్టి అలాంటి పుట లేదు, ఒక మాట నుంచి మరో మాటకు లంకెలు పట్టుకుని వెళ్లవలసిందే. పాత ఇంగ్లీషు లిపిలోని వింత అక్షరాలు కూడా కొత్తవారిని తికమక పెడతాయి. ఉచ్చారణ కోసం మరో నిఘంటువును పక్కన ఉంచుకోగలిగితే, ఇంగ్లీషు బోధించే ఉపాధ్యాయులకు దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను.