గడువు తీరిన రూట్ సర్టిఫికెట్: తనిఖీ ఆపాలా, కొత్తది చేర్చాలా, పాతది తీసేయాలా?

గుంటూరు శివారులో నేను కంప్యూటర్ల బాగోగులు చూసే ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో, ఏ రైతు పేరున ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) లోపలికి వచ్చాయి, ఎన్ని బయటికి వెళ్లాయి అన్న లెక్క ప్రతి రాత్రి ఎనిమిదింటికి దానంతట అదే ఒక సర్వరుకు చేరుతుంది. 2021 సెప్టెంబరు 30 రాత్రి అది చేరలేదు. మర్నాడు పొద్దున గుమాస్తా గారు ఫోన్ చేసి, ‘నెట్ బాగానే ఉందండీ, ఫైర్‌ఫాక్స్‌లో ఆ సైటు తెరుచుకుంటోంది, లెక్క మాత్రం పోవడం లేదు’ అన్నారు. సర్టిఫికెట్ గడువు తీరిందని తెర మీద ఎర్రర్ ఉంది. తీరా చూస్తే సర్వరు సర్టిఫికెట్‌కు ఇంకా రెండు నెలల గడువు ఉంది.

సర్టిఫికెట్ అంటే ‘ఈ సర్వరు ఫలానాదే’ అని చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రం. దాని మీద ఒకరు, వారి మీద ఇంకొకరు సంతకం పెట్టే గొలుసు చివర, కంప్యూటరు తన జాబితాలో ముందే నమ్మి పెట్టుకున్న సర్టిఫికెట్ ఉంటుంది, అదే రూట్. ఇక్కడ తీరిపోయినది ఆ పైనున్న రూట్. సైట్లకు సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ తన సొంత రూట్ అయిన ఐఎస్‌ఆర్‌జీ రూట్ ఎక్స్1 లోకమంతా పాకేవరకూ, 2000లో పుట్టిన డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 చేత దానికి హామీ సంతకం పెట్టించుకుంది. ఆ పాత రూట్‌కు మన గడియారం ప్రకారం ఆ సాయంత్రం 7 గంటల 31 నిమిషాలకు గడువు ముగిసింది. అయినా సర్వర్లు పాత రూట్‌కు దారితీసే పొడవాటి గొలుసునే పంపుతూ వచ్చాయి. 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో కొత్త రూట్ లేకపోవడమూ, ఆ ఫోన్లు రూట్ గడువును పట్టించుకోకపోవడమూ అందుకు కారణం. అంతకు ముందు ఏడాది, 2020 మే 30న, యాడ్‌ట్రస్ట్ అనే మరో పాత రూట్ విషయంలోనూ దాదాపు ఇదే గొడవ జరిగింది.

మా కంప్యూటరులో ఉన్నది ఉబుంటు 16.04 అనే లైనక్స్ వ్యవస్థ. దానికి మామూలు అప్‌డేట్లు అదే ఏడాది ఏప్రిల్‌లో ఆగిపోయాయి. అందులో సర్టిఫికెట్లను తనిఖీ చేసే సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2, సర్వరు పంపిన గొలుసును పట్టుకుని చివరిదాకా ఎక్కి, అక్కడ గడువు తీరిన రూట్ కనబడగానే ఆగిపోతుంది. మధ్యలోనే చేతికందే కొత్త రూట్ తన దగ్గరే ఉన్నా దాని వైపు చూడదు. 1.1.0 నుంచి మాత్రం ముందు తన నమ్మకపు జాబితాలో వెతికే పద్ధతి వచ్చింది. ఫైర్‌ఫాక్స్ తన సొంత రూట్ల జాబితాతో, తన సొంత దారిలో తనిఖీ చేసుకుంటుంది కాబట్టి దానికి ఈ బాధ తగల్లేదు.

ఇక మార్గాల సంగతి. చాలామంది మొదట పట్టేది తనిఖీని ఆపేసే మార్గం. లెక్కను పంపే కర్ల్ ఆదేశానికి ‘మైనస్ కె’ తగిలిస్తే చాలు, లెక్క వెళ్లిపోతుంది. కానీ అప్పటి నుంచి అవతల ఉన్నది మన సర్వరో, మధ్యలో కాపు కాసిన మరొకరి యంత్రమో తేలదు. లెక్కతో పాటు పోయే పాస్‌వర్డు కూడా ఎవరు అడిగితే వారికి అందుతుంది. ‘ఈ ఒక్క రాత్రికే’ అనుకుని స్క్రిప్టులో రాసిన ఆ రెండక్షరాలను తర్వాత తీసినవారిని నేను చూడలేదు. గడియారాన్ని వెనక్కి తిప్పడం ఇంకా అధ్వాన్నం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ల ఆయుస్సు అప్పట్లో 90 రోజులే కాబట్టి, కొన్నాళ్లకు కొత్తగా వచ్చే సర్టిఫికెట్ ‘ఇంకా మొదలు కాలేదు’ అని పేచీ పెడుతుంది. ఈలోగా బిల్లుల మీద తప్పుడు తేదీలు పడుతుంటాయి.

అసలు తూచవలసినవి మిగిలిన రెండు: కొత్త రూట్‌ను చేర్చడం, పాతదాన్ని తీసేయడం. వీటిలో ఏది మేలో ఎర్రర్ సంఖ్యే చెబుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ఎస్‌అండర్‌స్కోర్‌క్లయింట్ ఆదేశంతో సర్వరుకు కలిపి చూస్తే, మాకు ‘డెప్త్ 3’ దగ్గర డీఎస్‌టీ పేరు, దాని కింద ఎర్రర్ 10, అంటే గడువు తీరిందన్న మాట, కనిపించాయి. డెప్త్ అంటే గొలుసులో ఎన్నో మెట్టు అన్నది; మెట్లను సున్నా నుంచి లెక్కిస్తారు కాబట్టి 3 అంటే నాలుగో మెట్టు. తప్పు సున్నా దగ్గరే ఉంటే అది సర్వరు వారి సర్టిఫికెట్, మన యంత్రంలో ఏం మార్చినా లాభం ఉండదు. ఎర్రర్ 20 వస్తే మాత్రం, సంతకం చేసినవారి సర్టిఫికెట్ మనకు దొరకలేదని అర్థం. సర్వరు మధ్య సర్టిఫికెట్‌ను పంపడం మానలేదని తేల్చుకున్నాక, రూట్‌ను చేర్చవలసిన సందర్భం అదే.

చేర్చడంలో ఒక చిక్కుంది. తనిఖీ పనిచేయని యంత్రంతోనే రూట్‌ను దించుకుంటే, దాన్ని నమ్మడానికి ఆధారమేముంది? బాగున్న మరో కంప్యూటరులో దించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, దాన్ని పోల్చుకోవడానికి వాడే ఎస్‌హెచ్‌ఏ 256 వేలిముద్రలోని 64 అక్షరాలనూ ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడటం మేలు. చాదస్తంలా కనిపించవచ్చు గానీ, ఒక రూట్‌ను నమ్మడమంటే అది సంతకం పెట్టే ప్రతి సైటునూ నమ్మడమే.

మాకు ఆ అవసరం రాలేదు. కొత్త రూట్ అప్పటికే జాబితాలో ఉంది. ఈటీసీ ఫోల్డరులోని సీఏ సర్టిఫికెట్ల కాన్ఫిగరేషన్ ఫైలులో డీఎస్‌టీ పేరున్న వరుసకు ముందు ఒక ఆశ్చర్యార్థకం పెట్టి, జాబితాను తాజా చేసే ఆదేశం నడిపాను. పొడవాటి దారి తెగిపోయేసరికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెనక్కి వచ్చి పొట్టి దారి పట్టింది. ఉన్నదాన్ని తీసేస్తే పని జరుగుతుందని గుమాస్తా గారిని నమ్మించడానికే ఎక్కువ సేపు పట్టింది. గడువు తీరిన రూట్ వల్ల మాకు కొత్తగా దక్కేదేమీ లేదు కాబట్టి, నష్టం తక్కువగా ఉన్న మార్గం ఇదేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

వ్యవస్థనంతా కొత్త ఉబుంటుకు మార్చడం వీటన్నిటికంటే మేలు. అందులో నాకు సందేహం లేదు. సర్వరు వారు పొట్టి గొలుసు పంపినా మా పని జరిగేది గానీ, పాత ఫోన్ల వారిని వదులుకోవడానికి వారు అప్పట్లో సిద్ధంగా లేరు. సరుకు కదులుతున్న రోజుల్లో లెక్కల యంత్రాన్ని విప్పితే యజమాని ఊరుకోరు. అందుకే ఆ పని మిర్చి యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చేదాకా ఆగింది. అప్పుడు ఉబుంటు ఒక పూటలో ఎక్కింది. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు డ్రైవరు కుదర్చడానికి మాత్రం రెండు రోజులు పట్టింది.