మిలాన్‌లో ఒక కొత్త తరహా ఇటాలియన్ రెస్టారెంట్: కొన్నేళ్ల అనుభవం మీద సమీక్ష

మిలాన్ నగరంలో పోర్తా రొమానా వైపు, ట్రామ్ పట్టాలకు ఒక వీధి లోపలగా ఉన్న ఒక చిన్న రెస్టారెంట్‌కు, ఈ ఊళ్లో ఉద్యోగంలో చేరిన కాలం నుంచీ నేను వెళ్తూనే ఉన్నాను. మెచ్చుకోలుతో పాటు లోపాలు కూడా రాయవలసి ఉంది కనుక దాని పేరు చెప్పడం లేదు. అయినా ఇక్కడ రాసిన వాటిలో చాలా మాటలు ఈ నగరంలోని అదే కోవకు చెందిన రెస్టారెంట్లకు కూడా వర్తిస్తాయి: నలభై మందికి మించి పట్టని గది, గుడ్డ పరవని చెక్క బల్లలు, అద్దం వెనుక కనిపించే వంటగది, ఒక్క పేజీ మెనూ, అందులో ఎక్కువ భాగం అమ్మమ్మల కాలం నాటి వంటకాలే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇక్కడికి వెళ్లవలసింది రిసొట్టో కోసం, అంటే మరిగే రసం కొద్దికొద్దిగా పోస్తూ చిక్కగా వండే బియ్యపు వంటకం కోసం. పాస్తా కోసం ప్రత్యేకంగా వెళ్లనక్కరలేదు, పళ్లెం మీది అలంకరణ కోసం అసలే వెళ్లనక్కరలేదు.

మిలాన్‌లో కొత్త తరహా వంట గురించి మాట్లాడేటప్పుడు చెఫ్ గ్వాల్తియేరో మార్కేజిని తలచుకోక తప్పదు. 1930లో ఈ నగరంలోనే పుట్టిన ఆయన, ఫ్రాన్సులో పేరున్న చెఫ్‌లు త్రువాగ్రో సోదరుల దగ్గర పనిచేసి వచ్చి, 1977లో బొన్వెజీన్ దె లా రీవా వీధిలో సొంత రెస్టారెంట్ తెరిచారు. 1985లో రెస్టారెంట్లకు స్థాయి నిర్ణయించే మిషెలిన్ గైడు దానికి అన్నిటికన్నా పైస్థాయి అయిన మూడు నక్షత్రాలు ఇచ్చింది. ఇటలీలో ఆ స్థాయి అందుకున్న మొదటి రెస్టారెంట్ అదే. పలచగా పరిచిన కుంకుమపువ్వు రిసొట్టో నడుమ బంగారు రేకు ఉంచి ఆయన వడ్డించిన పళ్లెం ఫొటోలలో చాలామంది చూసే ఉంటారు. అయితే ఆ వంటకం గొప్పతనం రేకులో లేదు. మిలాన్ ఇళ్లలో వేసే ఎముక మూలుగ అందులో లేదు, పంటికి తగిలే ఉల్లిపాయ ముక్క లేదు. బియ్యం, వెన్న, చీజ్, కుంకుమపువ్వు అనే నాలుగింటినీ దేని రుచి దానిదిగా తెలిసేలా నిలబెట్టడమే ఆయన చేసిన పని. నేను సమీక్షిస్తున్న రెస్టారెంట్ నడుస్తున్నది ఆ దారిలోనే. నురుగులూ పొగలూ లేకుండా, ఒక్కొక్కటే తగ్గించుకుంటూ పోయిన వంట ఇది.

రిసొట్టో గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే దానిని తిన్న మన వాళ్లలో సగం మంది ‘అన్నం పలుకుగా ఉంది, ఉడకలేదు’ అని పక్కన పెట్టడం నేను చూశాను. ఐరోపా సమాఖ్య దేశాలలో పండే వరిలో దాదాపు సగం ఇటలీదే, అందులో అధిక భాగం మిలాన్‌కు దక్షిణంగా, పడమరగా ఉన్న పావియా, నొవారా, వెర్చెల్లి జిల్లాలది. మే నెలలో తూరిన్ వెళ్లే రైలెక్కితే పట్టాలకు రెండు వైపులా నీళ్లు నిలిచిన మళ్లు కనిపిస్తాయి. ఆ ప్రాంతానికి నీరిచ్చే కవూర్ కాలువ 1866లో పూర్తయింది. గోదావరి కాలువల కింద పుట్టి పెరిగిన నాకు ఈ ఊరి మీద మొదటి ఆత్మీయత కలిగింది ఆ మళ్లను చూసినప్పుడే. ఈ రెస్టారెంట్ వాడే బియ్యం కార్నరోలి. 1945లో మిలాన్ పొరుగున ఉన్న పౌల్లోలో రూపొందిన రకం అది. గింజ పెద్దది, పైన గంజి వదులుతుంది, లోపల మాత్రం తొందరగా మెత్తబడదు. దాన్ని పోలిన వేరే రకాలను కూడా అదే పేరుతో అమ్మడానికి ఇక్కడి చట్టం అనుమతిస్తుంది. అసలు రకమని చెప్పడానికి సంచి మీద ‘క్లాసికో’ అని ఉండాలి. వీళ్లు ఆ సంచులను అద్దం వెనుక అందరికీ కనిపించేలా పేర్చి పెట్టారు.

వంటగదికి ఎదురుగా ఉన్న ఎత్తు బల్ల దగ్గర చోటు దొరికితే వదులుకోకండి. బియ్యం కడగరు, ఎందుకంటే పైనున్న పిండి పోతే రిసొట్టో చిక్కబడదు. వెడల్పాటి పల్చటి గిన్నెలో నూనె కూడా లేకుండా గింజ వేడెక్కేదాకా వేయించి, తెల్ల వైన్ పోసి అది ఇగిరిపోయాక, మరుగుతున్న మాంసపు రసాన్ని గరిటెతో కొద్దికొద్దిగా పోస్తారు. పదిహేను, పదహారు నిమిషాలకు గిన్నెను పొయ్యి మీంచి దించి ఒక నిమిషం కదపకుండా వదిలేస్తారు. ఆ తరువాత చల్లటి వెన్న, తురిమిన చీజ్ వేసి, గరిటె కన్నా మణికట్టునే ఎక్కువగా వాడుతూ గిన్నెను ఎగరేస్తారు. అసలు పనితనమంతా ఆ కొద్ది క్షణాలలోనే ఉంది. ఆ వెన్న కూడా మామూలు వెన్న కాదు: ఉల్లిపాయను తెల్ల వైన్‌లో, కొంచెం వెనిగర్‌లో మరిగించి వడగట్టి, ఆ పులుపును వెన్నలో గిలకొట్టి గడ్డకట్టిస్తారు. అందువల్ల ఇంత వెన్న తిన్నా మొహం మొత్తదు. పళ్లెంలో వడ్డించాక అడుగున అరచేత్తో తడితే రిసొట్టో అల కదిలినట్టు అంచుదాకా జారి సర్దుకోవాలి. ముద్దగా నిలబడితే తప్పు, నీళ్లు విడితే ఇంకా తప్పు. ఇన్నేళ్లలో ఇక్కడ నాకు వచ్చిన పళ్లేలలో ముద్దకట్టినవి చాలా అరుదు, అవి కూడా శనివారం రాత్రి రద్దీలోనే.

గింజ మధ్యలో సన్నటి పలుకు ఉండడం ఇక్కడ ఉద్దేశపూర్వకం. పప్పుచారులో కలుపుకునే అన్నంతో దీన్ని పోల్చుకుంటే నిరాశే మిగులుతుంది. ఐదు నిమిషాలు మాటల్లో పడి వదిలేసినా ఆ పలుకు పోతుంది కనుక పళ్లెం వచ్చీ రాగానే తినాలి, ఫొటోలు తరువాత.

మిగిలిన రిసొట్టోతో మరునాడు చేసే ‘రీజో అల్ సాల్తో’ ఈ రెస్టారెంట్‌లో మధ్యాహ్నం మాత్రమే దొరుకుతుంది. పాతరోజుల్లో నాటకశాలల నుంచి రాత్రి ఆలస్యంగా వచ్చేవారికి మిలాన్ హోటళ్లు వడ్డించిన వంటకం ఇది. రాత్రి రిసొట్టోను ఇనుప పెనం మీద వెన్నతో పల్చగా అదిమి, రెండు వైపులా ఎర్రగా కాలుస్తారు. అంచులు దిబ్బరొట్టె అంచుల్లా కరకరలాడుతూ, లోపల మాత్రం కుంకుమపువ్వు వాసనతో మెత్తగా ఉంటుంది. ధర రిసొట్టోలో సగం. మిత్రులెవరైనా ఇండియా నుంచి వస్తే నేను ముందు తినిపించేది దీన్నే, ఇప్పటివరకు వద్దన్నవారు లేరు.

మిగతా మెనూలో శీతాకాలపు కూరలు చాలా బాగుంటాయి. త్రెవీజో ప్రాంతంలో వేళ్లను పారే నీటిలో ఉంచి పెంచే ఎర్రని రదిక్కియో ఆకుకూరను నిలువునా చీల్చి, పెనం మీద నల్లబడేదాకా కాల్చి, హేజల్‌నట్ పలుకులు చల్లి ఇస్తారు. చేదు ఇష్టపడేవారు రెండోసారి తెప్పించుకుంటారు. మాంసాహారంలో కొతొలెత్తా, అంటే ఎముకతో కలిపి కోసిన దూడమాంసం ముక్కను గుడ్డులో ముంచి, రొట్టెపొడి అద్ది, నేతిలో వేయించినది, నమ్మకంగా చెప్పుకోవచ్చు. దూడమాంసం తిననివారికి మటన్ ఉండదు, చేప మాత్రం ఉంటుంది, అదీ సాదాసీదాగానే. పాస్తా చేతితోనే చేస్తారు, తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ అదే నాణ్యత బొలోన్యా నగరంలో ఏ మామూలు త్రత్తోరియాలోనైనా, అంటే చిన్న భోజనశాలలోనైనా, తక్కువ ధరకు దొరుకుతుంది. తీపి వంటకాలు బలహీనం. తిరమిసూ గాజు గ్లాసులో పొరలుగా చూడడానికి అందంగా ఉంటుంది, కాఫీ రుచి మాత్రం చాలదు.

శాకాహారుల విషయంలో నాకు గట్టి ఫిర్యాదే ఉంది. ఐరోపా నిబంధనల ప్రకారం పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాల సమాచారం తప్పనిసరిగా అందుబాటులో ఉంచాలి, వీళ్లు ప్రతి వంటకం పక్కన అంకెలతో దాన్ని చక్కగా ముద్రించారు కూడా. కానీ మాంసం ఆ పద్నాలుగింటిలో లేదు. మెనూలో ఆకు గుర్తు ఉన్న గుమ్మడికాయ రిసొట్టోను చాలాకాలం మాంసపు రసంతోనే వండారని, మా సహోద్యోగి ఒకామె గట్టిగా అడిగితే గానీ బయటపడలేదు. మేనేజరు క్షమాపణ చెప్పి, ఆ తరువాత కూరగాయల రసం విడిగా పెట్టడం మొదలుపెట్టారు, కానీ దానికి ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి. చీజ్ సంగతి వేరు. పార్మిజానో రెజ్జానో అనే చీజ్ తయారీ నియమావళి ప్రకారమే పాలను దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్‌తో విరగ్గొడతారు; గ్రానా పదానో అనే చీజ్‌దీ అదే దారి. ఇటలీలో చాలామందికి అది మాంసాహారం కిందకు రాదు, అందుకే అడగకపోతే ఎవరూ చెప్పరు. పట్టింపు ఉన్నవారు ‘చీజ్ లేకుండా’ అని స్పష్టంగా చెప్పాలి, అలా చెప్పినప్పుడు రిసొట్టో కాకుండా కూరలూ రొట్టే ఎంచుకోవడం మంచిది.

డబ్బు మాటకు వస్తే, 2020 మార్చి లాక్‌డౌన్‌కు ముందు పద్దెనిమిది యూరోలున్న కుంకుమపువ్వు రిసొట్టో ఇప్పుడు ఇరవై నాలుగు. కుంకుమపువ్వు, వెన్న, కరెంటు, జీతాలు అన్నీ పెరిగాయి కనుక దాన్ని నేను తప్పు పట్టను. తప్పు పట్టేది, అప్పటినుంచి వచ్చిన రెండు విడతల పద్ధతిని. ఏడున్నరకు వచ్చినవారు తొమ్మిదిన్నరకు లేవాలి. ఇరవై నిమిషాలు పట్టే వంటకాన్ని గొప్పగా చెప్పుకునే చోట, కాఫీ తాగుతున్నవారి ముందు బిల్లు తెచ్చి పెట్టడం మర్యాద కాదు. వైన్ సీసాల మీద లాభం కూడా అతిగా ఉంది. గ్లాసుతో ఇచ్చే, మిలాన్ ఉన్న లొంబార్దియా ప్రాంతపు వైన్లు నయం. మనిషికి మూడు యూరోల ‘కొపెర్తో’ బిల్లులో కలుస్తుంది, రొట్టె, బల్ల ఏర్పాట్ల కోసం ఇటలీలో చాలాచోట్ల తీసుకునేదే అది, మోసమేమీ కాదు. దాని మీద టిప్ ఇవ్వనక్కరలేదు. నీళ్లు సీసాలోనే ఇస్తారు.

వడ్డించేవారి ప్రవర్తన మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. నా ఇటాలియన్ తడబడుతున్న తొలిరోజులలో కూడా ఇంగ్లిష్‌లోకి మారిపోకుండా, ఓపికగా నిదానంగా మాట్లాడారు. మెనూ నుంచి ఏదైనా తీసేసినప్పుడు ఎందుకు తీసేశారో చెబుతారు: పుట్టగొడుగుల కాలం అయిపోయిందనో, ఈ వారం వచ్చిన ఆర్టిచోక్ బాగా లేదనో. ఊరంతా ఖాళీ అయ్యే ఆగస్టులో దాదాపు మూడు వారాలు మూసేస్తారు, పర్యాటకులు ముందుగా చూసుకోవాలి.

మొదటిసారి వెళ్లేవారు మంగళ, బుధవారాలలో మధ్యాహ్నం వెళ్లండి. రద్దీ తక్కువ, విడతల గొడవ లేదు, రీజో అల్ సాల్తో దొరుకుతుంది, మనిషికి ముప్పై యూరోల లోపు తేలుతుంది. రాత్రి భోజనమే కావాలంటే రెండో విడత తీసుకోండి, లేవమనేవారు ఉండరు. రిసొట్టోను ఇద్దరికి తక్కువ కాకుండా చేస్తారు కనుక తోడు లేకుండా వెళ్లవద్దు.