మూడేళ్ళు, ఒక సైకిల్, నలభై అడుగుల బండ: గుట్టల్లో ఎంటీబీ తొక్కినవాడి మాట

2022 సంక్రాంతి సెలవుల్లో ఈ ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, కొన్నాను. 29 అంగుళాల చక్రాలు, అల్యూమినియం ఫ్రేమ్, ముందు కుదుపులు మింగడానికి 120 మిల్లీమీటర్ల దాకా దిగే ఎయిర్ ఫోర్క్. వెనక సస్పెన్షన్ లేదు, అంటే హార్డ్‌టెయిల్. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ముందు పెడళ్ళ దగ్గర ఒకటే పళ్ళ చక్రం (చైన్‌రింగ్), వెనక 11 గేర్లు. మూడేళ్ళలో 5,300 కిలోమీటర్లు తిరిగింది. అందులో ముప్పావు వంతు నల్లగొండ నుంచి పానగల్లు మీదుగా ఉదయసముద్రం కట్ట దాకా పోయి వచ్చే తారు రోడ్డు, మొరం బాటే. మిగిలిన పావు వంతు గురించే ఈ సమీక్ష. గుట్టల వెనక పరుపుబండలు, మేకల బాటలు, వానకు కోసుకుపోయిన చెలక గట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. మీరు తొక్కేది రోడ్డు మీదే అయితే ఇంత డబ్బు పెట్టకండి, రోడ్డుకూ మామూలు మట్టిబాటకూ పనికొచ్చే హైబ్రిడ్ సైకిల్ చాలు.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో ఏది కొన్నా సామాను ఇంచుమించు ఇదే వస్తుంది.

నేను లెక్కల టీచర్‌ని. కొన్ననాటికి నలభైకి ఒక్క ఏడాది తక్కువ. "సార్, ఇది ఎక్కడికైనా ఎక్కుతుంది" అన్నాడు షాపు అబ్బాయి. అబద్ధం కాదు, బండి ఎక్కుతుంది. ఎక్కనిదల్లా నేనే. రాళ్ళు కనపడగానే చేతులు కట్టెల్లా బిగుసుకుపోయేవి, నాలుగు వేళ్ళూ బ్రేకు మీదికి పోయేవి. రెండో నెలలో ఒక గట్టు దిగుతూ, తప్పించుకోవాల్సిన రాయినే చూస్తూ పోయి సరిగ్గా దానికే గుద్దాను. ముందు చక్రం ఆగింది, నేను హ్యాండిల్ మీదుగా అవతల పడ్డాను. మణికట్టు బెణికి మూడు వారాలు ఎడమ చేత్తో బోర్డు మీద రాశాను. పిల్లలకు మంచి కాలక్షేపం.

ఆ మూడు వారాలు ఖాళీగా కూర్చుని, బండిని షాపులో ఎలా ఇచ్చారో అలాగే తొక్కుతున్నానని గ్రహించాను. టైర్లలో గాలి ఒత్తిడి 45 పీఎస్ఐ ఉంది. రోడ్డుకు అది బాగానే ఉంటుంది కానీ, రాళ్ళ మీద చక్రం బంతిలా ఎగురుతుంది, పట్టు దొరకదు. ట్యూబులు పెట్టుకునే 28కి దించాను. రెండో రోజే ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి, పాము కాటు వేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడ్డాయి. ఇక ట్యూబ్‌లెస్ చేయించాను. ఇప్పుడు నా 72 కిలోల బరువుకు ముందు 22, వెనక 25 పెడుతున్నాను. బండి మొత్తం మీద చేసిన అన్ని మార్పుల్లో ఇంత తేడా చూపించింది ఇంకోటి లేదు. మన దగ్గర ట్యూబ్‌లెస్‌కు ఇంకో కారణం కూడా ఉంది, సర్కారు తుమ్మ. కంప కొట్టిన చెలక పక్కనుంచి ఒక్కసారి పోతే టైరుకు నాలుగైదు ముళ్ళు. టైరు లోపల చిల్లులు పూడ్చే ద్రవం, సీలెంట్, ఉంటే ముల్లు పీకి, చక్రం రెండు చుట్లు తిప్పితే బుసబుస ఆగిపోతుంది. కానీ మన ఏప్రిల్, మే ఎండలకు ఆ సీలెంట్ రెండు నెలల్లో ఎండి పొరకడుతోంది. వేసవిలో చూసుకుంటూ ఉండాలి.

ఫోర్క్ సంగతీ అంతే. ఫోర్క్ కాలు మీద చిన్న రబ్బరు రింగు ఉంటుంది. దాన్ని కింద సీల్‌కు ఆనించి, బండెక్కి పెడళ్ళ మీద నిలబడి, మెల్లగా దిగి చూస్తే మన బరువుకు ఫోర్క్ ఎంత దిగిందో తెలుస్తుంది. 120లో 25 నుంచి 30 మిల్లీమీటర్లు దిగాలి. నాది అసలు పదే దిగేది. అంటే అన్నాళ్ళూ సస్పెన్షన్ ఉన్న బండిని లేనట్టే తొక్కాను. ఫోర్క్‌లో గాలి సరిచేయడానికి షాక్ పంపు వేరే ఉంటుంది, మామూలు పంపు పనికిరాదు. బండితోపాటే అడిగి తీసుకోండి.

బ్రేకుల విషయంలో ఒకటి చూసుకోండి. నాకు వచ్చిన బండికి ముందు బ్రేకు ఎడమ చేతికి ఉంది. రోజూ మోటార్ సైకిల్ నడిపే మనకు ముందు బ్రేకు కుడి చేయి. కంగారులో చేయి అలవాటు ప్రకారమే పోతుంది. పైపులు మార్పించి, ఆయిల్‌లో చేరిన గాలి తీయించాక (బ్లీడ్ చేయించాక) గానీ నా భయం సగం తగ్గలేదు. లివర్లను కూడా లోపలికి జరిపి, చూపుడు వేలు ఒక్కటే అంచు మీద పడేలా పెట్టుకున్నాను. మిగతా మూడు వేళ్ళు హ్యాండిల్ పట్టుకోవడానికే.

ఇక బండ గురించి. కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట ఊళ్ళో ఎవరికైనా కనిపిస్తాయి. మెట్లున్న చోట జనం నడుస్తారు, అక్కడ సైకిల్ తీయడం తప్పు. నాది ఊరవతల పేరు లేని ఒక బోడగుట్ట. దాని పాదాన నలభై అడుగుల పరుపుబండ ఉంది. అందులో మూడు అడ్డంకులు. మొదటిది జానెడు ఎత్తు గట్టు. రెండోది చక్రం ఇరుక్కునేంత నెర్రె, బండకు అడ్డంగా కాకుండా ఏటవాలుగా పోతుంది. మూడోది మోకాలెత్తు మెట్టు, దాని కిందే ఒక గుండు. దిగగానే ఎడమకు తిరగకపోతే దాని మీదికే.

బడి నుంచి జేబులో సుద్దముక్క వేసుకుపోయి ముందు నడిచి చూసేవాణ్ణి. ముందు చక్రం ఎక్కడ పోవాలో బండ మీద గీత గీసేవాణ్ణి. నెర్రెను ఏటవాలుగా దాటితే చక్రాన్ని మింగేస్తుంది, అందుకే దానికి ముందే కుడికి జరిగి అడ్డంగా దాటాలి. ఇవన్నీ బండి మీద కూర్చుని తేలేవి కావు. మేకలు కాసే కాకా ఒకాయన నెల రోజులు చూసి, చివరికి దగ్గరికొచ్చి, "ఏం సారూ, సైకిల్‌ను నువ్వు నడిపిస్తున్నవా, అది నిన్ను నడిపిస్తున్నదా?" అన్నాడు. ఇంకా తేలలేదు కాకా అన్నాను. ఆయన మేకలు మాత్రం నా గీత మీదినుంచే దిగి పోయాయి.

వీడియోల్లో "వెనక్కి జరగాలి" అని విని మొదట్లో సీటు వెనక వేలాడేవాణ్ణి. మామూలు దిగుడుకు అది తప్పని ఈ బండ మీదే తెలిసింది. బరువంతా వెనక్కి పోతే ముందు చక్రానికి పట్టు ఉండదు, తిప్పితే జారుతుంది. పెడళ్ళు రెండూ సమానంగా పెట్టి, మడమలు కిందికి దించి, నడుము దగ్గర వంగి, మోచేతులు బయటికి పెట్టాలి. బరువు కాళ్ళ మీద, చేతులు తేలిక. బ్రేకు మెట్టుకు ముందే పట్టాలి, మెట్టు మీద వదిలేయాలి. చూపు రాయి మీద కాదు, రాయి తర్వాత పోవాల్సిన చోట ఉండాలి. చెప్పడానికి రెండు నిమిషాలు, ఒంటికి ఎక్కడానికి ఏడాది.

ఎక్కుడు దీనికంటే కష్టం. సీటు ముక్కు మీద కూర్చుని ఛాతీ హ్యాండిల్ దగ్గరికి దించకపోతే ముందు చక్రం లేస్తుంది, మరీ ముందుకు వంగితే వెనక చక్రం ఊరికే తిరుగుతుంది. రాళ్ళ మధ్య పెడల్ పూర్తిగా తిప్పితే కిందికి వచ్చినప్పుడు రాయికి తగులుతుంది. అందుకని పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి అంటూ నెట్టుకోవాలి. దీన్ని మా స్కూల్ గ్రౌండ్‌లో ఇటుకలు పరిచి నేర్చుకున్నాను.

ముళ్ళున్న ఫ్లాట్ పెడళ్ళు కొనండి. బండితో వచ్చిన ప్లాస్టిక్ పెడళ్ళు చెమటకు, దుమ్ముకు జారతాయి. లోహపు పిన్నులు బూటు అడుగును పట్టేసుకుంటాయి. కాలు జారితే ముంగాలును కూడా అలాగే పట్టుకుంటాయి, నాకు మచ్చలు నాలుగు. సీటును దించే డ్రాపర్ పోస్టు రెండో ఏడాది వేయించాను, పది వేలు దాటింది. బటన్ నొక్కితే సీటు దిగుతుంది, దిగుడులో ఒంటికి చోటు దొరుకుతుంది. బాగుంటుంది కానీ మొదటి ఏడాది అక్కర్లేదు. దిగే ముందు క్లాంపు వదులు చేసి చేత్తో సీటు దించుకుంటే సరిపోతుంది.

అరిగినవి: వెనక టైరు రెండు, చైన్ రెండు, ముందు బ్రేకు ప్యాడ్లు మూడు జతలు. వానాకాలం బురద, ఆ వెంటనే దుమ్ము తగిలాక పెడళ్ళ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ దగ్గర కిర్రుమని మొదలైంది, విప్పి గ్రీజు పెడితే పోయింది. ఒకసారి కుడి వైపు పడ్డప్పుడు గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ వంగింది. అరచేయంత కూడా లేని ముక్క, తెప్పించడానికి షాపు వాళ్ళు 24 రోజులు తీసుకున్నారు. ఫోను చేస్తే "రేపొస్తది సార్". బండి కొన్న రోజే ఆ మోడల్ హ్యాంగర్ ఒకటి అదనంగా కొని పెట్టుకోండి.

మా నేల గురించి తెలియని వాళ్ళకు ఒక మాట. ఎండిన గ్రానైట్ బండ మీద టైరు పట్టు ఎంత బాగుంటుందో, ఆగస్టులో నాచు పట్టాక అంత మోసం చేస్తుంది. దానికంటే బండ మీద చెదిరిన మొరం ఇంకా ప్రమాదం, గోలీల మీద తొక్కినట్టే. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున్నే మంచి సమయం. దేవరకొండ వైపు పోతే కోట గోడల మీదా మెట్ల మీదా ఎక్కించకండి, చుట్టూ కావాల్సినన్ని బాటలున్నాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవద్దు.

మొదటి గట్టు పన్నెండో రోజున దాటాను. నెర్రెకు నాలుగు నెలలు పట్టింది. మూడో మెట్టు దగ్గర ఇప్పటికీ పదిసార్లలో ఆరుసార్లు దిగి నడుస్తాను. నిన్న పొద్దున కూడా నడిచాను. కాకా చూసి ఏమీ అనలేదు.