గాజు నియానా, ఎల్‌ఈడీ గొట్టమా?

నల్లరాతి పలకకు ఒక కాంతి గీత జోడించి శిల్పం చేయాలనుకున్నప్పుడు నల్లగొండలో రాయి దొరకడం కష్టం కాదు. గీత దేనితో గీయాలన్నదే తేలదు. అసలు నియాన్ గాజు గొట్టమా, దాన్ని పోలిన ఎల్‌ఈడీ సిలికాన్ గొట్టమా?

సౌకర్యం మాటకొస్తే ఎల్‌ఈడీదే గెలుపు. 12 లేదా 24 వోల్టులు చాలు, చుట్ట చుట్టి సంచిలో వేసుకోవచ్చు. గాజుకు వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, మంట మీద వంచే నేర్పరి కావాలి. హైదరాబాద్‌లో వంపించిన గొట్టాన్ని పాత దుప్పట్లలో చుట్టి తెస్తుంటే చిట్యాల దాటేసరికి రెండు ముక్కలైంది.

అయినా మనసు గాజు వైపే లాగుతుంది. అందులో వాయువే వెలుగుతుంది కనుక ఏ పక్క నుంచి చూసినా వెలుగే. ఎల్‌ఈడీ గొట్టాల్లో ఎక్కువ వాటికి ముఖం, వీపు వేరు. చుట్టూ తిరిగి చూసే శిల్పంలో ఆ వీపు దాగదు. పైగా ఆ గొట్టం ఒక వైపుకే చక్కగా వంగుతుంది, మెలిపెడితే మొరాయిస్తుంది. నునుపు చేసిన రాతి పక్కన నాసిరకం గొట్టం పెడితే లోపలి దీపాలన్నీ చుక్కల ముగ్గులా ప్రతిబింబిస్తాయి. నునుపు చేయకుండా వదిలేసిన గరుకు వైపు పెడితే ఆ బాధ లేదు.

ఇటలీ శిల్పి మారియో మెర్జ్ 1968లో మట్టి సంచుల గుడిసెకు నియాన్ అక్షరాలు చుట్టాడు. అక్కడ గొట్టం కనబడటమే ముఖ్యం. మన నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో అందుకు భిన్నంగా, గర్భగుడి గోడ మీద పగలంతా కదలని నీడే కనిపిస్తుంది, వెలుగు దారి కనిపించదు. నాకు ఈ పద్ధతే నచ్చింది. పలకను గోడకు ఆనించి వెనుక ఎల్‌ఈడీ దాస్తే దాని వీపు ఎవరికీ పట్టదు. రాతికి బదులు పోచంపల్లి ఇక్కత్ బట్ట వాడితే దాని వెనుక కూడా ఎల్‌ఈడీయే. వేల వోల్టుల దగ్గరకు బట్టను నేను రానివ్వను. అసలే అంచులు చెదిరినట్టుండే ఆ నేత, వెనుక వెలుగు పడితే ఇంకా మెత్తబడుతుంది.

గదిలో విడిగా నిలిచే శిల్పానికి మాత్రం గాజే. నియాన్ ఇచ్చే ఆ ఎరుపు నారింజ కాంతికి సాటి రాగల ఎల్‌ఈడీని నేనింకా చూడలేదు. ఈసారి గొట్టాలు రెండు చేయిస్తున్నాను, దుప్పట్లతో పాటు వరిగడ్డి కూడా తీసుకెళ్తున్నాను.