గ్రిడ్లు కలిసే చోట కొలత: రెవిట్‌ను కొన్నేళ్లు వాడాక

బిల్డింగ్ డ్రాయింగులు చేసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌ను పొగిడేవాళ్లు ముందు త్రీడీ చూపిస్తారు. నేను బెంగళూరులో చిన్న ఇళ్లకు, జీ ప్లస్ 3 (గ్రౌండ్ మీద మూడంతస్తుల) బిల్డింగులకు స్ట్రక్చరల్ డ్రాయింగులు చేస్తాను. త్రీడీ నాకూ ఇష్టమే కానీ, ఈ సాఫ్ట్‌వేర్‌ని వదల్లేకపోవడానికి కారణం అది కాదు. రెండు గ్రిడ్ లైన్లు (కాలమ్‌లు ఎక్కడ రావాలో చూపే గీతలు) కోసుకునే బిందువు నుంచి ఇంకో కూడలికి నేరుగా కొలత వేయగలగడం. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ) లేఅవుట్‌లో 30×40 అడుగుల సైట్ అయితే ఈ సంగతి మీకు పట్టదు. గ్రిడ్లన్నీ చక్కగా సమాంతరంగా ఉంటాయి. అలైన్డ్ డైమెన్షన్ అనే కొలత టూల్‌కి షార్ట్‌కట్ డీఐ కొట్టి గీత తర్వాత గీత క్లిక్ చేసుకుంటూ పోవచ్చు. కష్టమంతా కేఆర్ పురం దాటాక, ఒకప్పటి పొలాలు ముక్కలైన చోట వచ్చే ఆడ్ సైట్లతోనే, అంటే చదరంగా లేని స్థలాలతోనే. ఈమధ్య చేసినది అలాంటిదే. ముందు సన్నం, వెనక వెడల్పు. గోముఖం అని ఓనరు ముచ్చటపడి కొన్నారు. ఎడమ గ్రిడ్ 1 రోడ్డుకి లంబంగా ఉంది. కుడివైపు గ్రిడ్ 5 కాంపౌండ్‌ని అనుసరిస్తూ దాదాపు 8 డిగ్రీలు పక్కకి పోయింది. ఈ రెండింటి మధ్య అలైన్డ్ డైమెన్షన్ పడదు, ఎందుకంటే అది గీతల్ని పట్టుకునేటప్పుడు సమాంతరంగా ఉన్నవాటినే పట్టుకుంటుంది.

సైట్‌లో మేస్త్రిది మదనపల్లె వైపు. ఇలాంటి ప్లాన్ చేతికిస్తే ఆయన అడిగేది ఒకటే: "ఆ గీతకీ ఈ గీతకీ మధ్య ఎంతంటే, ఏడ పట్టల్ల సార్ టేపు? ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డం ఎంత, నిలువు ఎంత, అది రాసియ్యండి." ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. వంకర గ్రిడ్‌కి దూరం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కదా.

దీనికి లీనియర్ డైమెన్షన్ అనే ఇంకో టూల్ ఉంది. అడ్డ గ్రిడ్లకి ఏ, బీ, సీ, డీ అని పేర్లు. కర్సర్ ఏ-1 కూడలి (గ్రిడ్ ఏ, గ్రిడ్ 1 కలిసే చోటు) మీద పెట్టి, ఆ బిందువు వెలిగేదాకా ట్యాబ్ కొట్టి క్లిక్ చేయాలి. ఏ-5 దగ్గరా అంతే. స్పేస్‌బార్ నొక్కితే కొలత అడ్డం నుంచి నిలువుకి మారుతుంది. ఆ సైట్‌లో గ్రిడ్ ఏ మీద 8400 మిల్లీమీటర్లు, బీ మీద 8967, సీ మీద 9533, డీ మీద 10100 వచ్చాయి. మేస్త్రి ఆ నాలుగు అంకెలు చూసి ఇంకో ప్రశ్న వేయలేదు. డిజైన్‌లో గ్రిడ్ 5ని కాస్త జరిపితే నాలుగూ వాటంతట అవే మారతాయి. ఆర్కిటెక్ట్ వారానికో మార్పు చెప్పే ఊళ్లో ఇది ఎంత నిశ్చింతో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

అసలు నన్ను కట్టిపడేసింది మాత్రం, అదే ప్రాజెక్టులో ఒక కొలత వేయనని అది మొండికేయడం. అలైన్డ్ డైమెన్షన్ గ్రిడ్ ఏ, బీ, సీలను వరుసగా పట్టుకుంది. డీ మీద క్లిక్ చేస్తే పట్టుకోదు. కంటికి నాలుగూ సమాంతరమే. కోణం చూస్తే 90 అనే ఉంది. సైట్‌లో నేల మీద గీతలకి ముగ్గు పోయడానికి మనుషుల్ని పిలిచేశారు, ఒకటే టెన్షన్. చివరికి యూఎన్ అనే షార్ట్‌కట్ కొట్టి, కొలతల యూనిట్లు పెట్టే ప్రాజెక్ట్ యూనిట్స్‌లో కోణాన్ని మూడు దశాంశాలకు మార్చాను. మా టెంప్లేట్‌లో (ప్రతి ప్రాజెక్టూ మొదలుపెట్టే ముందే సెట్ చేసిన ఫైల్లో) కోణం పూర్ణాంకానికి రౌండ్ అవుతుంది. ఇప్పుడు అసలు రూపం బయటపడింది: 89.880. డీ గ్రిడ్‌ని బయటి ఆఫీసు పంపిన డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్) మీద, ఉన్న గీతని క్లిక్ చేసి దాని మీదే గీసే పిక్ లైన్స్‌తో గీశాం. వంకర ఆ ఫైల్లోదే.

0.12 డిగ్రీ ఏపాటిది అనిపిస్తుంది. పది మీటర్ల పొడవులో అది 21 మిల్లీమీటర్లు. ఒక చివర ఏ నుంచి డీకి 12000 అయితే, రెండో చివర 12021. కాలమ్ సైజులోనే కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ఒప్పుకునే తేడా +12, −6 మిల్లీమీటర్లు మాత్రమే. గ్రిడ్డే 21 పక్కకి పోతే ఇక మేస్త్రి మూలమట్టం ఎంత జాగ్రత్తగా పెట్టి ఏం లాభం? ఆటోక్యాడ్‌లో అయితే రెండు బిందువులు క్లిక్ చేసి, 12000 అని చూసుకుని, ప్రింట్ ఇచ్చేసేవాళ్లం. డీ గ్రిడ్ తీసేసి, ఏకి సమాంతరంగా కొత్తది గీసి, కూడలి కొలతలు మళ్లీ వేశాక డ్రాయింగ్ సైట్‌కి వెళ్లింది. కొలత వేయనందుకు ఒక సాఫ్ట్‌వేర్‌కి మనసులో దండం పెట్టుకోవడం అదే మొదలు.

ట్యాబ్ గురించి పైన తేలిగ్గా రాశాను గానీ, అన్నిచోట్లా అంత తేలిక కాదు. కూడలిలో కాలమ్ ఉంటే దాని అంచులు, సెంటర్ లైను, గ్రిడ్లు అన్నీ ఒకేచోట ఉంటాయి. ట్యాబ్ కొడుతుంటే ఏది వెలిగిందో కంటికి తెలియదు. గ్రిడ్ అనుకుని కాలమ్ సెంటర్ పట్టుకుంటే, రేపు కాలమ్‌ని 75 మిల్లీమీటర్లు జరిపినప్పుడు కొలత కూడా దానితో జరిగిపోతుంది. ఇప్పుడు నేను కాలమ్ సెలెక్ట్ చేసి హెచ్‌సీ షార్ట్‌కట్ కొట్టి, కాలమ్‌లన్నీ దాచేసి కొలతలు వేస్తాను. తర్వాత హెచ్‌ఆర్ కొడితే అవి మళ్లీ కనిపిస్తాయి. కింద ఎడమ మూల స్టేటస్ బార్‌లో పేరు చదవకుండా క్లిక్ చేయను. గ్రిడ్ డిలీట్ చేస్తే దాని కొలతలూ పోతాయి కాబట్టి, ఇష్యూ చేసిన పాత పీడీఎఫ్ పక్కన పెట్టుకుని సరిచూసుకోవాల్సిందే.

చదరంగా ఉన్న ప్లాన్‌కి ఇంకో సుఖం ఉంది. గ్రిడ్లన్నిటికీ అడ్డంగా ఒక ఉత్తుత్తి గోడ గీసి, అలైన్డ్ డైమెన్షన్‌లోని ఎంటైర్ వాల్స్ (గోడ మొత్తానికి ఒకేసారి కొలత) ఆప్షన్లలో ఇంటర్‌సెక్టింగ్ గ్రిడ్స్ (గోడని దాటే గ్రిడ్లు) టిక్ పెట్టి గోడ మీద క్లిక్ చేస్తే కొలతలన్నీ ఒక్కసారే పడతాయి. తర్వాత గోడ తీసేయొచ్చు. వంకర గ్రిడ్లకి మాత్రం నేను ఒక్కో కూడలీ చేత్తోనే పెట్టుకుంటాను.

కొనాలా అని అడిగితే, నా పని వేరు, మీ పని వేరు. నాకు వచ్చేవి ఎక్కువగా ఆడ్ సైట్లు, డ్రాయింగ్ నేరుగా మేస్త్రి చేతికి వెళ్తుంది, మార్పులు ఆగవు. అందుకే ఏటా కట్టే సబ్‌స్క్రిప్షన్ నాకు బరువనిపించినా మానను. 30×40లే చేసేవాళ్లు, ఒక్కరే కూర్చుని ప్లాన్లు గీసుకునేవాళ్లు ఆటోక్యాడ్‌తో హాయిగా నెట్టుకురావచ్చు. మారాలనుకుంటే చేతిలో ఉన్న పని ముగిశాక, ఒక వంకర సైట్ వచ్చినప్పుడు ట్రయల్‌లో దాంతోనే మొదలుపెట్టి చూడండి.