నెట్ మాటిమాటికీ తెగిపోతుంటే ఏది మేలు: కేబులా, కొత్త వైఫై అడాప్టరా, పవర్‌లైనా, మెష్షా?

కంప్యూటర్‌లో నెట్ ఉన్నట్టుండి పోతుంది, కాసేపటికి తనే వస్తుంది, మళ్ళీ పోతుంది. ఇలాంటప్పుడు ఎక్కువమంది రౌటర్ ఆపి ఆన్ చేస్తారు. అప్పటికి కుదుటపడుతుంది కాబట్టి అసలు కారణం ఎవరూ వెతకరు. కొన్నాళ్ళకి విసుగెత్తి కొత్త రౌటర్ కొంటారు. తప్పు పాత రౌటర్‌ది కాకపోతే డబ్బు పోయి శని పట్టినట్టే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఒకే చోట కదలకుండా ఉండే కంప్యూటర్‌కి కేబుల్‌ని మించింది లేదు. అయితే కేబుల్ లాగడానికి వీల్లేని ఇళ్ళు చాలా ఉంటాయి కాబట్టి మిగతావాటినీ తూచి చూడాలి. ఏది తూచాలన్నా ముందు నెట్ ఎక్కడ తెగుతోందో తెలియాలి.

ఎక్కడ తెగుతోంది?

కంప్యూటర్ నుంచి రౌటర్ దాకా ఒక దారి, రౌటర్ నుంచి బయటి నెట్ దాకా ఇంకో దారి. కింద పోల్చే పరికరాలన్నీ మొదటి దారికే పనికొస్తాయి. రెండోది తెగుతుంటే సర్వీస్ ఇచ్చేవాళ్ళకి ఫోన్ చేయడమే మార్గం.

ఇది తేల్చుకోవడానికి ఏమీ కొననక్కర్లేదు. విండోస్‌లో రెండు కమాండ్ ప్రాంప్ట్ విండోలు తెరవండి. ఒకదాంట్లో రౌటర్ అడ్రస్‌కి పింగ్ పెట్టండి, అంటే ‘ఉన్నావా’ అని పదేపదే పలకరించి జవాబు వస్తోందా చూసే కమాండ్ ఇవ్వండి. చాలా రౌటర్లకి అది 192.168.1.1 లేదా 192.168.0.1, ఐపీకాన్ఫిగ్ కమాండ్ ఇస్తే ‘డిఫాల్ట్ గేట్‌వే’ అన్న చోట కనిపిస్తుంది. రెండోదాంట్లో 8.8.8.8కి, అంటే బయటి నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్‌కి, పింగ్ పెట్టండి. కమాండ్ చివర మైనస్ గుర్తు, దాని పక్కన ఇంగ్లిష్ టీ అక్షరం కొడితే మీరు ఆపేదాకా పింగ్ నడుస్తూనే ఉంటుంది. ఇక మీ పని మీరు చేసుకోండి. నెట్ పోయినప్పుడు మాత్రం వెంటనే రెండు విండోలూ చూడండి.

రౌటర్ జవాబిస్తూ 8.8.8.8 మాత్రం ఆగిపోతే తప్పు బయటి లైన్‌లో ఉంది. రెండూ నడుస్తున్నా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్ గొడవ, అంటే సైట్ పేరుని దాని అంకెల అడ్రస్‌గా మార్చే ఏర్పాటులో లోపం. సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ అడ్రస్ మార్చి చూడండి. రెండూ ఒకేసారి ఆగిపోతే అప్పుడు ఫోన్ తీసి అదే వైఫైలో నెట్ వస్తోందా చూడండి. ఫోన్‌లో వస్తుంటే తప్పు కంప్యూటర్ వైపు ఉన్నట్టు. ఫోన్‌లోనూ పోతే రౌటర్‌ని అనుమానించాలి.

రౌటర్ మీదికి అనుమానం పోతే దాని సెట్టింగ్స్ పేజీలో ‘అప్‌టైమ్’ చూడండి. మీరు ఆపకుండానే అక్కడ కొద్ది నిమిషాలే కనిపిస్తే రౌటర్ తనంతట తనే రీస్టార్ట్ అవుతోందన్నమాట. దీనికి తరచూ కారణమయ్యేది రౌటర్ కాదు, దాని పవర్ అడాప్టర్. అవే వోల్టులూ, అదే పిన్నూ, అంతే లేదా అంతకన్నా ఎక్కువ యాంపియర్లూ ఉన్న అడాప్టర్ పెట్టి చూశాకే కొత్త రౌటర్ గురించి ఆలోచించండి.

పైసా ఖర్చు లేని మార్గాలు

ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా దొరికే దొంగ కరెంటు ఆదా సెట్టింగ్. డివైజ్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ (కంప్యూటర్‌ని వైఫైకి కలిపే భాగం) ప్రాపర్టీస్ తెరిస్తే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటుంది. కరెంటు మిగల్చడానికి ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అని కంప్యూటర్‌కి అనుమతిచ్చే టిక్ అందులో ఉంటుంది. దాన్ని తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ట్యాబ్ కనిపించదు. ఏదో అప్‌డేట్ వచ్చిన తర్వాతే ఈ గొడవ మొదలైతే అదే ప్రాపర్టీస్‌లో డ్రైవర్‌ని (ఆ పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని) పాతదానికి వెనక్కి తీసుకెళ్ళే బటన్ ఉంటుంది, వాడండి. ‘నెట్‌వర్క్ రీసెట్’ని మాత్రం చివరికి ఉంచుకోండి. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు, వీపీఎన్ సెట్టింగులు అన్నీ తుడిచేస్తుంది.

తర్వాత చూడాల్సింది బ్యాండ్, అంటే వైఫై వాడే రేడియో తరంగాల పట్టీ. రౌటర్లలో సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండుంటాయి, ఒక్కోదాంట్లో మళ్ళీ ఛానళ్ళుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగల ఛానళ్ళు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ళ రౌటర్లన్నీ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. బ్లూటూత్‌దీ అదే బ్యాండ్, మైక్రోవేవ్ ఓవెన్‌దీ అదే. వంట వేడి చేసుకునే వేళకే నెట్ పోతుంటే ఇక కారణం వెతకనక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే ఈ రద్దీ చాలావరకు తప్పుతుంది, కానీ అది గోడలు దాటలేక త్వరగా నీరసపడుతుంది. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి ఉంటే కంప్యూటర్ అటూ ఇటూ గెంతుతూ మధ్యలో తెగిపోవచ్చు. పేర్లు విడదీసి, ఒకదానికే కట్టేసి చూడండి.

5 గిగాహెర్ట్జ్‌లో ఇంకో తిరకాసుంది. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానళ్ళని రాడార్లు కూడా వాడుకుంటాయి. రాడార్ సంకేతం తగిలిందనుకుంటే రౌటర్ ఆ ఛానల్ ఖాళీ చేసి తీరాలి. అలాంటిదే మరో ఛానల్‌కి వెళితే కనీసం 60 సెకన్లు విన్నాకే అక్కడ మాట్లాడాలి. ఒక నిమిషం పాటు పోయి తనే తిరిగొచ్చే నెట్‌కి ఇదొక కారణం. రౌటర్‌లో 36 నుంచి 48 మధ్య ఛానల్ ఎంచుకుంటే ఈ బెడద ఉండదు.

కేబుల్

వైఫైలో గాలి అందరిదీ. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఆగాలి, మాట మధ్యలో చెడితే మళ్ళీ చెప్పాలి. కేబుల్‌లో కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య ఇంకెవరూ దూరరు. మామూలు క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా సెకనుకి 1 గిగాబిట్ మోస్తుంది. ఇంటి అవసరానికి అంతకు మించి అక్కర్లేదు. క్యాట్ 8 అని రాసిన ఖరీదైన కేబుల్ కొన్నంత మాత్రాన తెగే నెట్ తెగకుండా పోదు. జాగ్రత్త పడాల్సింది వేరే చోట: అల్యూమినియం తీగకి పైన రాగి పూత పూసి అమ్మే చవక కేబుళ్ళుంటాయి. వంచితే విరుగుతాయి, దూరం పెరిగితే చతికిలపడతాయి. పూర్తి రాగి అని ఉన్నదే తీసుకోండి.

కేబుల్ తెగదని కాదు. తలుపు సందులో నలిగితే లోపల తీగ పోతుంది, క్లిప్పు విరిగితే కనెక్టర్ కదులుతుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు చాలు. రెండు వైపులా గిగాబిట్ పోర్టులే ఉండి కూడా లింక్ స్పీడ్ 100 అని చూపిస్తుంటే ఎక్కడో ఒక తీగ గానీ పిన్ను గానీ సరిగ్గా అంటడం లేదు. కేబుల్ మార్చండి. కొత్త కేబుల్‌తోనూ లింక్ పోయి వస్తుంటే అడాప్టర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్’ అనే కరెంటు ఆదా సెట్టింగ్ ఆపి చూడండి. కొన్ని రౌటర్లతో దానికి పొసగదు.

శాశ్వతంగా కేబుల్ లాగలేకపోయినా సరే, ఒక పొడుగాటి కేబుల్ తెచ్చి ఒక రోజు నేలమీదే పరిచి పెట్టండి. దానితో నెట్ తెగకపోతే తప్పు వైఫైదేనని ఖాయం. కేబుల్ పెట్టినా, వైఫైలో ఉన్న ఫోన్‌కి నెట్ వస్తూనే ఉన్నా, కంప్యూటర్‌లో తెగుతుంటే వీపీఎన్, బయటి యాంటీవైరస్ ఫైర్‌వాల్ లాంటి సాఫ్ట్‌వేర్ వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్ష చాలా అనవసర ఖర్చుని ఆపుతుంది.

కొత్త వైఫై అడాప్టర్

కేబుల్ కుదరనప్పుడు నేను రెండో స్థానం దీనికిస్తాను, ముఖ్యంగా డెస్క్‌టాప్‌లకి. కొనే ముందు డెస్క్‌టాప్ వెనక్కి ఒకసారి తొంగి చూడండి. వైఫై ఉన్న బోర్డుకి యాంటెన్నాలు విడిగా వస్తాయి, అవి బిగించకుండా పెట్టెలోనే ఉండిపోయిన ఇళ్ళు తక్కువేం కాదు. యాంటెన్నా లేకుండా కూడా రౌటర్ దగ్గర్లో ఉంటే నెట్ వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

గోరంత ఉండే యూఎస్‌బీ డాంగిల్‌ని లోహపు క్యాబినెట్ వెనక గుచ్చి, అది రౌటర్‌ని అందుకోవాలనుకోవడం అత్యాశ. పైగా యూఎస్‌బీ 3.0 పరికరాలు, కేబుళ్ళు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. బయటి హార్డ్ డిస్క్ పెట్టినప్పుడే నెట్ నీరసిస్తుంటే ఇదే కారణం కావచ్చు. డాంగిల్‌ని చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో బల్ల మీదికి తెస్తే చాలాసార్లు కొత్తది కొనే పనే ఉండదు. కొనాల్సి వస్తే తీగతో బల్లమీద పెట్టుకునే యాంటెన్నా ఉన్న లోపలి కార్డు మేలు.

అడాప్టర్ మీదే అనుమానం ఉంటే కొనకుండానే తేల్చుకోవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు వైఫైలో ఉండగానే ఆ నెట్‌ని యూఎస్‌బీ టెథరింగ్ ద్వారా కంప్యూటర్‌కి ఇవ్వగలవు. అదే బల్ల మీద, అదే రౌటర్‌తో, ఫోన్ ద్వారా నెట్ నిలకడగా ఉంటే దోషం అడాప్టర్‌ది లేదా దాని డ్రైవర్‌ది.

పవర్‌లైన్

ఇంటి కరెంటు తీగల మీదుగా నెట్ పంపే జంట పెట్టెలివి. ఒకటి రౌటర్ దగ్గర, ఒకటి కంప్యూటర్ దగ్గర. మందపాటి గోడల వల్ల వైఫై అసలే అందని గదికి ఇవి నిజంగా ఆదుకుంటాయి. కాకపోతే జూదం. పెట్టె మీద అచ్చేసిన వేగానికీ, చేతికందే వేగానికీ పొంతన ఉండదు. రెండు సాకెట్లూ వేర్వేరు ఫేజుల మీద ఉంటే బలహీనపడుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులోనో సర్జ్ ప్రొటెక్టర్‌లోనో గుచ్చితే ఇంకా అధ్వానం. నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి. మోటారో, నాసిరకం ఛార్జరో ఆన్ అయినప్పుడల్లా తెగే ప్రమాదమూ ఉంది. అంటే తెగే జబ్బు నయం చేద్దామని తెచ్చింది కొత్త రకంగా తెగొచ్చు. తిరిగి ఇచ్చేయడానికి వీలున్న చోటే కొనండి.

ఎక్స్‌టెండర్, మెష్

రౌటర్ వైఫైని అందుకుని మళ్ళీ ముందుకి పంపే పెట్టె ఎక్స్‌టెండర్. మామూలు ఎక్స్‌టెండర్‌ని నేను సిఫార్సు చేయను. ఒకే రేడియోతో విని అదే రేడియోతో మళ్ళీ చెప్పేవాటిలో వేగం సుమారు సగానికి పడిపోతుంది. దానికి తోడు అందరూ దాన్ని సిగ్నల్ లేని చోట, అంటే కంప్యూటర్ పక్కనే పెడతారు. తనకే అందని సిగ్నల్‌ని అది ఏం పంచుతుంది? పెడితే సగం దారిలో, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్న చోట పెట్టాలి.

మెష్ అంటే ఇంట్లో అక్కడక్కడ పెట్టిన కొన్ని యూనిట్లు కలిసి ఒకే వైఫైగా పనిచేసే ఏర్పాటు. ఇది ఇంతకన్నా చాలా నయం, యూనిట్లు తమలో తాము మాట్లాడుకోవడానికి విడి రేడియో ఉన్నదైతే మరీను. ఇల్లంతా సిగ్నల్ కావాలంటే అదే సరైన దారి. ఒక్క కంప్యూటర్ కోసమైతే మాత్రం దండగ ఖర్చు. ఇప్పటికే ఇంట్లో మెష్ ఉంటే దాని యూనిట్ వెనక ఈథర్నెట్ పోర్టు (నెట్ కేబుల్ గుచ్చే చోటు) ఉందేమో చూసి, మూరెడు కేబుల్‌తో కంప్యూటర్‌ని దానికి కలపండి. గోడలు దాటే పని కంప్యూటర్ అడాప్టర్‌ది కాకుండా మెష్ యూనిట్‌ది అవుతుంది.

వీటిలో ఏది తెచ్చినా, పెట్టిన రోజే రౌటర్‌కి మళ్ళీ పింగ్ నడిపి ఒక పూట వదిలేయండి. ఆపినప్పుడు ఎన్ని ప్యాకెట్లు (పింగ్ పంపిన పలకరింపులు) పోయాయో విండోస్ చివర్లో శాతంతో సహా చూపిస్తుంది. కేబుల్‌తో ఆ అంకె సున్నా ఉండాలి. వైఫైలో అరా కొరా పోయినా పట్టించుకోనక్కర్లేదు గానీ, వరుసగా పదేసి జవాబులు రాకుండా పోతుంటే బిల్లు పారేయకండి, పెట్టె తిరిగి ఇచ్చేయండి.